మూత కింది చెమ్మ

సముద్రపొడ్డున ఉన్న వాజిమా ఊళ్లో లక్కపని చేసే ఆడవాళ్లలో కివ వేళ్లకు పేరుంది. ఆరిన పూత మీద చూపుడువేలు ఆనిస్తే చాలు, కంటికి ఆనని నలుసు ఎక్కడుందో చెప్పేది. వసంతంలో చెర్రీపూల కింద కూర్చుని తినడానికి, చేత పట్టుకెళ్లే నాలుగు అరల లక్కపెట్టెకు పెళ్లినాడు తనే మెరుగు పెట్టుకుంది. పై అర మొగుడు గెంజిరోది.

ఆ గెంజిరో చేపలవేటకు వెళ్లి నాలుగేళ్లయింది. పడవా రాలేదు, పడవ చెక్కా రాలేదు. దూరాన ఉన్న మనిషి వంతు అన్నం పెట్టి మూత వేస్తారు అక్కడ. తీసినప్పుడు మూత లోపల చెమ్మ ఉంటే ఆ మనిషి బతికున్నట్టు. పొడిగా ఉంటే కర్మ చేసుకోవడమే. ఏటా పూలకొండ మీద అత్త సుగి ఆ మూత తీసేది. ఏటా తడే. చల్లారిన అన్నానికి తడెక్కడిది? ముసలిదాని ప్రాణం నిలవాలని కివే నీళ్లలో వేలు ముంచి రాసేది.

ఈ ఏడు రాయలేదు. కర్మ జరగందే ఆమెకు మళ్లీ పెళ్లి లేదు. పెట్టెలకు చెక్క కోసే షోకిచి మాత్రం ఎన్నాళ్లని కాచుకుంటాడు? మొగుణ్ని తన చేత్తో చంపుతున్నట్టే అనిపించి కివ ఏడ్చింది. అయినా మూతను పొడిగుడ్డతో రెండుసార్లు తుడిచి మరీ పెట్టింది. దారిలో పెట్టె ఎవరి చేతికీ ఇవ్వలేదు. కొండెక్కేకొద్దీ అది ఎందుకో బరువెక్కింది.

పట్టపగలు. చుట్టూ జనం తాగి పాడుతున్నారు. సుగి మూత ఎత్తింది. నీళ్లు బొటబొటా కారి ఆమె మోచేతిదాకా పాకాయి.

సుగి తీర్థం పుచ్చుకున్నట్టు వేలు నోట్లో పెట్టుకుంది. ఆమె ముఖం పాలిపోయింది.

"ఏటా నువ్వు రాసేది మంచినీళ్లే కదే?" అని మెల్లగా అడిగింది.

ముసలిదానికి మొదటినుంచీ తెలుసన్నమాట. కివ సిగ్గుతో తల వంచుకుంది.

"ఈసారి నేనేమీ రాయలేదత్తయ్యా."

సుగి తడివేలు కోడలి పెదవికి ఆనించింది. ఉప్పు. సముద్రపు ఉప్పు.

"మునిగిపోయినవాణ్ని ఇన్నేళ్లూ మనిద్దరమే పోనివ్వలేదే, అమ్మాయ్," అంది సుగి.