ఉప్పు మూటకు ఏడవని పిల్ల

1949లో వానలు ముదిరిన నెల. మానుకోట డాక్టరు వారానికోసారి వచ్చిపోయే గూడూరు దవాఖానకు నేను కాంపౌండర్ని. చదువు నాలుగో తరగతితో ఆగినా, సీసాల మీద పేర్లు తడుముకోకుండా చదివేవాణ్ణి. అడవి ఊళ్లన్నిటా చలిజ్వరం. కమ్యూనిస్టు దళాలకూ అదే, దళాల కోసం గాలించే పోలీసులకూ అదే. దోమకు పార్టీ లేదు.

మల్లవ్వ తన నాలుగేళ్ల మనవరాలు ఎల్లిని ఎత్తుకొచ్చింది. మాత్ర ఇస్తే కక్కేస్తోంది. పిర్రకు క్వినైన్ సూది ఇచ్చాను. గుచ్చాక ప్లంజర్ని, అంటే మందును నెట్టే కడ్డీని, కొంచెం వెనక్కి లాగాలి. నెత్తురు వస్తే సూది రక్తనాళంలో పడ్డట్టు. ఆ రోజు ముచ్చట్లలో పడి లాగలేదు.

ఎల్లి గుక్కపట్టింది.

"గిదేం ఏడుపు నాయినా? ఎన్నడు గిట్ల ఏడ్వలే," అంది మల్లవ్వ.

"గొంతు సాపు చేసుకుంటున్నదవ్వా, రేపు పాటలు పాడుతది. పోయి ఉప్పు మూటతో కాపడం పెట్టు."

సూది వేసిన చోట వేయించిన ఉప్పుతో కాచడం మా వైపు అలవాటు. పొద్దు వాలకముందే ఆమె మళ్లీ వచ్చింది.

"మూట నా చెయ్యికి ఆనిస్తే చురుక్కుమన్నది. పిల్లకు పెడితే వేడి సోయే లేదు. ఆపేసిన. లోపల నొప్పని మాత్రం ఏడుస్తనే ఉన్నది."

చూశాను. తెల్లటి మచ్చ, చుట్టూ వల పరిచినట్టు నీలి గీతలు. వెంటనే మానుకోటకు బండి కట్టించాను.

దారిలో పోలీసు క్యాంపు జవాను ఆపాడు. "ఏం దెబ్బ? తుపాకీదా?"

"సూది దెబ్బ సాబ్. కొట్టింది నేనే."

"అయితే నిన్ను పట్టుకోవాలె."

మల్లవ్వ మంచి మాటేనన్నట్టు తలూపింది.

డాక్టరు చూసి నిట్టూర్చాడు. "మందు సన్న నాళంల పడి నెత్తురు ఆగింది. శానా అరుదు. గక్కడి కండ చస్తది. కాలు దక్కుతదో లేదో కొన్ని దినాలు చూడాలె. కాపడం ఆపి మంచిపని చేసినవవ్వా, తోలు ఉడికేది."

మచ్చ నల్లబడింది. చచ్చిన తోలు కోసి తీశారు. ఆ వైపు కాలు కదలిక లేక వేలాడుతూనే ఉంది. ఆరో రోజు ఎల్లి బొటనవేలు కదిలించింది. మల్లవ్వ నన్ను పిలిచి మరీ చూపించింది.

చలికాలం మొదట్లో కట్టు మార్చడానికి ఎల్లిని గూడూరు తెచ్చింది. నన్ను చూడగానే పిల్ల చంక దిగి గుమ్మం దాటి పరుగెత్తింది.

"పట్టుకో అవ్వా."

"జర ఉరకనీ. సూడబుద్ధయితున్నది."

ఇద్దరం గుమ్మంలో నిలబడి చూశాం. అప్పటి నుంచి ప్లంజర్ లాగి చూడకుండా సూది వేయలేదు. పిల్ల ఏడుపు తీరు మారిందని తల్లో అవ్వో అంటే, ముందు తోలు చూస్తాను. ముచ్చట ఆ తర్వాతే.