ఆంటీ తమ్ముడి అప్పీలు

సిడ్నీలో చదువుకునే రోజుల్లో పొద్దున్నే ఒక వియత్నాం ఆంటీ బేకరీలో పనిచేసి, నిద్రమొహంతో యూనికి, అంటే యూనివర్సిటీకి, వెళ్లేవాణ్ణి. వియత్నాం శరణార్థుల విషయంలో ప్రభుత్వ విధానం మీద నేను రాసిన వ్యాసానికి ట్యూటర్ అత్తెసరు మార్కులేసి, "ఇంగ్లీషు బాగుంది, అవగాహన తక్కువ" అని రాశాడు. మళ్లీ దిద్దమని మూడు అర్జీలు పెట్టాను. ఒక్కదానికీ జవాబివ్వలేదు.

ఆ గొడవ విని ఆంటీ నన్ను పిలిచింది. ఆవిడ వచ్చిన కాలంలో పడవ దిగితే చాలు, శరణార్థే. ఆవిడ తమ్ముడు హాంకాంగ్‌లోని శరణార్థుల క్యాంపు చేరేసరికి రూలు మారింది. ఒక్కొక్కరినీ విచారించి, వియత్నాం ప్రభుత్వం వేధిస్తే పారిపోయి వచ్చినవాళ్లకే ఆస్ట్రేలియా లాంటి చోట్లకి దారి. బతుకుతెరువు కోసం వచ్చారనిపిస్తే వెనక్కే. మొదటి విచారణలో అతను నెగ్గలేదు. అప్పీలు ఒక్కసారే.

"దానికి జతచేయడానికి నా తరఫున ఉత్తరం రాయి. నువ్వైతే వదిలిపెట్టవు" అంది.

మా ఊళ్లో ఫీజు రాయితీకి, హాస్టల్ సీటుకి ఎలా రాసేవాణ్ణో అదే ధోరణిలో ఇంగ్లీషులో రాశాను. నిరుపేద కుటుంబం, పూట గడవదు, తమరే దిక్కు.

చదివి వినిపిస్తే ఆంటీ అడిగింది. "పాత ప్రభుత్వంలో పనిచేశాడని మా నాన్నని ఏళ్లతరబడి జైల్లో పెట్టారు. అందుకని తమ్ముణ్ణి కాలేజీలో చేరనివ్వలేదు. అది రాయవా?"

"జైలు మాట కనిపిస్తే దరఖాస్తు అక్కడే చించేస్తారు ఆంటీ."

"మీ దేశంలోనా, ఇక్కడా?"

"ఎక్కడైనా ఆఫీసరు ఆఫీసరే."

నమ్మి సంతకం పెట్టింది.

అప్పీలు కొట్టేశారు. అక్క ఉత్తరం ప్రకారమే ఇది పేదరికం వల్ల వచ్చిన వలస అని రాశారు. శరణార్థికీ, బతుకుతెరువు కోసం వచ్చినవాడికీ ఉన్న ఆ తేడా గురించి నా వ్యాసంలో రెండు పేజీలు నింపినవాణ్ణి నేనే.

"యూనిలో నువ్వు చదివేది ఇదేగా?" అన్నాడు ఆంటీ భర్త, ట్రేలు సర్దుతూ, నా మొహం చూడకుండా. ఆ మాట ఇప్పటికీ మర్చిపోలేదు. పంపేముందు ఆయనైనా ఒకసారి చూసి ఉండొచ్చుగా?

కొన్ని వారాలకి ఆంటీ చెప్పింది. "తమ్ముడు రేపు వియత్నాం విమానం ఎక్కుతున్నాడు. ఇష్టపడే వెళ్తున్నానని సంతకం పెట్టాడట. పెట్టకపోతే పోలీసులు ఎత్తుకెళ్లి ఎక్కిస్తారని భయం."

"అన్యాయం ఆంటీ. ఫిర్యాదు రాస్తాను. ఈసారి మీ నాన్నగారి సంగతితోనే మొదలుపెడతాను."

"వద్దు," అంది పిండి చేతులు తుడుచుకుంటూ. "ఇంక నువ్వేమీ రాయకు."

చదువు అయ్యేదాకా అక్కడే పనిచేశాను. ఆ రోజు నుంచీ ఏ కాగితం వచ్చినా ఆవిడ చర్చి ఫాదర్ దగ్గరికి తీసుకెళ్లేది. నన్ను ఒక్క మాట అడగొచ్చు కదా అని, తప్పు నాదని తెలిసీ, ప్రతిసారీ నొచ్చుకునేవాణ్ణి.