మూసినా మూసుకోని కుళాయి

ఆ నాలుగంతస్తుల భవనంలో పిల్లలెవరికీ వాషర్ మామ అసలు పేరు తెలియదు. పెద్దలకు ఒకప్పుడు తెలిసే ఉంటుంది, వాళ్ళూ మరిచిపోయారు. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట చిన్నవీ పెద్దవీ రబ్బరు వాషర్లు దారానికి గుచ్చి పెట్టుకుని తిరుగుతాడు కాబట్టి ఆ పేరు స్థిరపడిపోయింది. ముప్ఫై ఏళ్ళుగా అక్కడ ఏ కుళాయి కారినా, ఏ గొట్టం పూడుకుపోయినా మామే దిక్కు. గోడకు చెవి ఆనించి, నీళ్ళు ఎక్కడ తప్పించుకుంటున్నాయో చెప్పేస్తాడు. "అన్ని గోడల మాటా వింటాడు, నా ఒక్కదాని మాట తప్ప" అని భార్య దెప్పుతుంటుంది.

మామకు ఆ భవనం అంటే పని దొరికే చోటు మాత్రమే కాదు. మొదటి అంతస్తులో ఉండే రిటైరైన లెక్కల టీచరమ్మ, మామ కూతురు పదో తరగతి లెక్కల్లో తప్పి ఇంట్లో ముడుచుకు కూర్చుంటే, ఏడాదిపాటు సాయంత్రాలు కూర్చోబెట్టి చెప్పి గట్టెక్కించింది. ఆవిడ ఇంటికి సరిగ్గా పైన, రెండో అంతస్తులో, ఆసుపత్రిలో పనిచేసే నర్సమ్మ అద్దెకుంటుంది. ఇనుప గొట్టం తగిలి మామ అరచెయ్యి చీరుకుపోయినప్పుడు పదిహేను రోజులు, డ్యూటీ నుంచి వచ్చిన మనిషి కాస్త కూర్చోనైనా కూర్చోకుండా కట్టు మార్చేది. నర్సమ్మ ఉండే ఇల్లు బట్టల కొట్టాయనది. భవనంలో ఆరిళ్ళు ఆయనవే, మామ చేసే పనిలో సగం ఆయన పిలిచేదే. ఈ ముగ్గురి మేలూ తలుచుకోకుండా మామ ఆ మెట్లు ఎక్కేవాడు కాదు. దేవుడు మనిషిని ఇరకాటంలో పెట్టదలుచుకుంటే సరిగ్గా ఇలాంటి ముగ్గురినే ఏరుకుంటాడు కాబోలు.

కిందటి నెల నర్సమ్మ స్నానాలగదిలో పాత బేసిను బీటలు వారింది. బట్టల కొట్టాయన స్వయంగా వెళ్ళి కొత్తది కొనుక్కొచ్చాడు. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. తళతళలాడే వెడల్పాటి బేసిను, దాని మీద పొడవాటి మెడతో ఓ కుళాయి, అడుగున వేలితో నొక్కితే మూసుకుని, మళ్ళీ నొక్కితే తెరుచుకునే మూత. మామ రెండు గంటల్లో బిగించేశాడు. బట్టల కొట్టాయన మురిసిపోయి, "ఎలా ఉందయ్యా?" అన్నాడు. "బ్రహ్మాండంగా ఉంది సార్" అన్నాడు మామ.

మూడు వారాలు తిరిగాయి. ఒక రోజు ఉదయం మామ ట్యాంకు కడగడానికి పైన వాల్వు కట్టేశాడు. పది గంటలకు పని ముగించి నీళ్ళు వదిలాడు. పదకొండున్నరకి టీచరమ్మ పడగ్గది పైకప్పు ఉబ్బి, గంప నిండేంత పెచ్చు ఆవిడ మంచం మీద ఊడిపడింది. ఆవిడ వంటింట్లో ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఈ కథ ఇంత తీరిగ్గా చెప్పుకునే వీలుండేది కాదు. పైకి వెళ్ళి తాళం తీయించి చూస్తే నర్సమ్మ బేసిను పొంగి పొర్లుతోంది. స్నానాలగదిలో నీళ్ళు పోయే జాలీ గట్టుకు అవతల ఉంది, బేసిను ఇవతల ఉంది. ఆ నీళ్ళన్నీ నర్సమ్మ పడగ్గదిలోకి నడిచి, మూలనున్న సందులోంచి కిందికి దిగాయి.

అక్కడినుంచి మొదలైంది తగువు. బట్టల కొట్టాయన నర్సమ్మను, "కుళాయి వదిలేసి పోతే నేనేం చెయ్యను? నెలాఖరుకి ఇల్లు ఖాళీ చెయ్యండి" అన్నాడు. నర్సమ్మ, "నీళ్ళు రాకపోతే కట్టేసే వెళ్ళానండీ, ఒట్టు" అంది. ఆసుపత్రికి నడిచి వెళ్ళగలిగే దూరంలో ఆమెకు దొరికిన ఇల్లు అదొక్కటే. బేసిను అమ్మిన కొట్టువాళ్ళు, తప్పు బిగించినవాడిదే అయ్యుంటుందన్నారు. టీచరమ్మకు ఎవరి తప్పయినా ఒకటే. "నా మంచం మీద కప్పు పడింది, ముందు దానికి జవాబు చెప్పండి" అని గుమ్మంలో నిలబడింది.

ఆదివారం ఉదయం అందరూ నర్సమ్మ ఇంట్లో కూడాలని నిర్ణయమైంది. మెట్ల మీద భవనం సెక్రటరీ మామను పక్కకు లాగి, గొంతు తగ్గించాడు. "కుళాయి బాగానే ఉంది, ఆవిడే మరిచిపోయింది అని ఒక్క ముక్క చెప్పు. నీ జోలికి ఎవరూ రారు."

మామకు ముందు రోజు సంగతి గుర్తొచ్చింది. ఇంట్లో కంచం ముందు కూర్చుని తగువు సంగతంతా చెప్పాడు. భార్య విషయం విని, "నీ చేతికి కట్టు కట్టిన పిల్లయ్యా అది" అంది, అంతే. ఆ ఒక్కసారి భార్య మాట మామ చెవిన పడింది.

"సార్, చెప్పడం ఎందుకు? చూపిస్తాను" అని మామ స్నానాలగదిలోకి నడిచాడు. పైకి మనిషిని పంపి వాల్వు కట్టించాడు. కుళాయి పిడిని ఒక పక్కకు తిప్పాడు. చుక్క రాలేదు. "ఇప్పుడు కట్టెయ్యండి సార్" అన్నాడు సెక్రటరీతో.

సెక్రటరీ ఇదో పనా అన్నట్టు పిడిని రెండో పక్కకు చివరిదాకా తిప్పి, చేతులు దులుపుకున్నాడు. మామ బట్టల కొట్టాయన వైపు చూశాడు. "మీరూ ఒకసారి చూడండి సార్, గట్టిగా కట్టారో లేదో."

బట్టల కొట్టాయన పిడిని పట్టుకుని ఇంకాస్త బిగించి, "రాయిలా ఉంది" అన్నాడు.

వాల్వు తెరిపించారు. గొట్టం గుర్రుమంది, కుళాయి భళ్ళున కక్కింది. బట్టల కొట్టాయన ఇస్త్రీ చొక్కా బొడ్డుదాకా తడిసింది. టీచరమ్మకు కోపంలోనూ నవ్వు ఆగలేదు.

"ఈ పిడి రెండు పక్కలా తిరుగుతుంది" అన్నాడు మామ. "ఎటు తిప్పినా తెరిచినట్టే. నడిమధ్యన ఆపితేనే మూసినట్టు. అక్కడ గీత లేదు, టక్కుమని ఆగదు. నీళ్ళు వస్తుంటే కంటికి తెలుస్తుంది, నీళ్ళు లేనప్పుడు ఎవరికి తెలుస్తుంది? నర్సమ్మ మీలాగే కట్టేసి వెళ్ళింది." తర్వాత, "ఆ రోజు నీళ్ళు చిమ్మి ఇలాగే అయ్యుంటుంది" అంటూ అంచు మీదున్న సబ్బును వేలితో తోశాడు. అది జారి అడుగున మూత మీద పడింది. టక్కుమని మూత మూసుకుంది. నీళ్ళు పైకి లేవడం అందరూ చూశారు.

నర్సమ్మ తలుపుకు ఆనుకుని నిలబడి ఏడ్చేసింది. అక్కడితో మామ ఊరుకుంటే ఊరుకోవచ్చు. అందరి ముందూ గెలిచాడు, తన మీద మచ్చ లేదు. కానీ అతను కుళాయి కట్టేసి, తలపాగా విప్పి చేతులు తుడుచుకుని, అక్కడే నిలబడిపోయాడు.

"ఇంకో మాట ఉంది టీచరమ్మా. ఏ బేసినుకైనా అంచు కింద ఓ కన్నం ఉంటుంది, మూత పడినా పొంగే నీళ్ళు అందులోంచి పోతాయి. దీనికి లేదు. బిగించిన రోజే చేత్తో తడిమాను, తెలిసింది. ఈ పిడి సంగతీ తెలిసింది. సార్ అడిగితే బ్రహ్మాండంగా ఉందన్నాను. నాకు పని నేర్పినాయన, ఇంటివాళ్ళు కొనుక్కొచ్చిన వస్తువుకి వంక పెట్టకు, ఇంకోసారి పిలవరు అనేవాడు. ముప్ఫై ఏళ్ళు అలాగే నోరు మూసుకున్నాను. ఆ పెచ్చు మీ మీద పడుంటే నేను ఏ మొహం పెట్టుకుని బతకాలి? నన్ను క్షమించండి. మీ కప్పు నేనే చేసిస్తాను. ఆ తర్వాత నన్ను రావద్దంటే రాను."

బట్టల కొట్టాయన తడిసిన చొక్కా పిండుకుంటూ, "అంటే నీకు తెలిసీ..." అని మొదలుపెట్టి, ఎందుకో మధ్యలో ఆపేశాడు. టీచరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఏమీ అనకుండా కిందికి దిగిపోయింది. మామ ఆ మౌనాన్ని తీర్పనే అనుకున్నాడు. ఇంటికి పోయి భార్యతో, "ఆ భవనం పోయినట్టేనే" అన్నాడు. మనసు మాత్రం తేలికపడింది, అదే వింతగా ఉంది.

మర్నాడు సిమెంటు, ఇసుక, నిచ్చెన తీసుకుని టీచరమ్మ ఇంటికి వెళ్ళాడు. తలుపు తీసేసరికి మంచం, బీరువా అన్నీ పాత దుప్పట్లతో కప్పి ఉన్నాయి. నర్సమ్మ సెలవు పెట్టుకుని, కొంగు బిగించి నేల ఊడుస్తోంది. బట్టల కొట్టాయన పాత లుంగీలో, వాకిట్లో ఇసుక జల్లిస్తున్నాడు. జీవితంలో జల్లెడ ముట్టిన మొహం కాదు, సగం ఇసుక చెప్పుల్లోకే పోతోంది. మామను చూసి, "కొన్నది నేను, అడిగి కొనాలని తెలియనిదీ నేనే" అన్నాడు. "నర్సమ్మని ఖాళీ చెయ్యమన్న మాట వెనక్కి తీసుకున్నాను. ఆ బేసిను ఊడదీసి వాళ్ళ కొట్లోనే పెట్టి వస్తాను. కొత్తది కొనడానికి నువ్వు కూడా రావాలి. వంక ఉంటే అక్కడే చెప్పు."

మామ తల ఊపాడు.

టీచరమ్మ లోపలినుంచి వచ్చింది. "నలభై ఏళ్ళు పేపర్లు దిద్దాను మేస్త్రీ. మార్కులు కలపమని వచ్చినవాళ్ళు కోకొల్లలు. తనకి తానే మార్కులు తీసేసుకున్నవాణ్ణి నిన్నొక్కణ్ణే చూశాను. నిన్న ఏదో అందామంటే నోట మాట రాలేదు నాకు. కప్పు ఆరాక వంటింట్లో గొట్టం చూడు, రాత్రంతా గుటగుటలాడుతోంది."

అంటే మళ్ళీ రమ్మని. మామ గబగబా నిచ్చెన ఎక్కి, పైకప్పు వైపు మొహం తిప్పుకుని, ఇంత చల్లని మనసున్నవాళ్ళ మధ్య తనను పడేసిన దేవుడికి మనసులో దండం పెట్టుకున్నాడు. చిన్న తాపీతో గీకక్కర్లేని చోట కూడా గీకాడు. కిందికి దిగేటప్పుడు ఎర్రబడిన అతని కళ్ళు చూసి, సిమెంటు పడిందేమో అనుకుని నర్సమ్మ చెంబుతో మంచినీళ్ళు తెచ్చింది. మామ కాదనకుండా కళ్ళు కడుక్కున్నాడు.