ఖాళీగా వదిలిన పుట్టిన నెల

మా ఆఫీసులో పాత మెయిన్‌ఫ్రేమ్ కంప్యూటర్ తీసేసి కొత్తది పెట్టినప్పుడు, దానితోపాటు కొత్త కోబాల్ కంపైలర్ వచ్చింది. మేము కోబాల్ భాషలో రాసిన ప్రోగ్రామును యంత్రానికి తెలిసే ఆదేశాలుగా మార్చేది కంపైలర్. కొత్త యంత్రం వేగాన్నంతా ఇది వాడుకుంటుందన్నారు. వేగం గురించి ఎక్కువ మాట్లాడేవాళ్లను నేను నమ్మను. మా నాన్నగారి స్పిన్నింగ్ మిల్లు మూతపడే ముందు కూడా అలాంటివాళ్లు చాలామంది వచ్చి కాఫీ తాగి వెళ్లారు.

మిల్లు ఉన్నచోట ఇప్పుడు అపార్టుమెంట్లు. నేను అవినాశి రోడ్డులోని ఈ ఆఫీసులో జీతగాణ్ణి. కోయంబత్తూరు మిల్లుల్లో పనిచేసి రిటైరైనవాళ్ల పింఛను జాబితా తయారుచేసే ప్రోగ్రాము నా చేతిది. కొత్త కంపైలర్‌తో నడిపిన రోజున ఆ జాబితాలో ముప్పైకి పైగా పేర్లు రాలేదు. అందరూ ముసలివాళ్లు, సగం మంది మా మిల్లువాళ్లు. నెలాఖరుకు పాత యంత్రం ఉండదు. ఈలోగా సరిచేయకపోతే వాళ్ల పింఛను ఆగిపోతుంది.

పాత ప్రోగ్రాములను కొత్త కంపైలర్‌కు మార్చే పని చూడటానికి అంతకుముందే మదురై ఆఫీసు నుంచి ఒకామెను పంపారు. ముప్పై ఏళ్లు ఉంటాయేమో. మొదట తమిళంలోనే మాట్లాడింది. నేను ఫోనులో మా ఆవిడతో తెలుగులో మాట్లాడటం విని, "మీరూ మనవాళ్లేనా సార్? మాది మేలూరు పక్కన, సేద్యం చేసేవాళ్లం" అంది. నాకు అనుమానం పుట్టింది. పని కావలసినవాళ్లే ఇంటి భాష ఎత్తుకుంటారని నా అనుభవం. తమిళంలోనే జవాబిచ్చాను.

నా ప్రోగ్రాములో ఆమె ఏదో మార్చిందనుకున్నాను. నా పాత ప్రింటు తీసి రెండురోజులు వరుసవరుసా పోల్చాను. ఒక్క అక్షరం మారలేదు. అయితే దోషం కంపైలర్‌దేనని తేల్చి, దాన్ని తయారుచేసినవాళ్లకు ఘాటుగా ఒక ఉత్తరం రాసి పెట్టుకున్నాను. పంపేలోగా ఆమె కాగితం పట్టుకుని వచ్చింది.

"సార్, రాని పేర్లలో ఒకరికీ పుట్టిన నెల లేదు. ఏమిటికి?"

చెప్పాను. ఆ తరంవాళ్లకు పుట్టిన నెల తెలియదు. వేరే మిల్లుల్లో చాలాచోట్ల గుమాస్తాలు అందరికీ ఒకే నెల వేసేసేవారు, కొన్నిచోట్ల వదిలేసేవారు. మా మిల్లులో తెలియనిది రాయకూడదని నాన్నగారి ఆజ్ఞ, ఖాళీగా వదిలేవారు. అది గుర్తుంచుకునే, నెల సున్నా అయితే వయసుకు ఏడాది ఒక్కటే చూడమని ప్రోగ్రాములో షరతు పెట్టాను. ఇన్నేళ్లూ ఆ షరతు చూసి గర్వపడ్డాను.

ఆమె ఆ వరుస మీద వేలు పెట్టింది. "మీరు సున్నా ఉండాదా అని అడిగినారు. ఆడ ఉండేది సున్నా కాదు సార్, ఖాళీ. పాత కంపైలర్ ఖాళీని సున్నా కింద లెక్కేసి పోనిచ్చింది. ఇది పోనియ్యదు."

ఇన్నేళ్లూ నా జాగ్రత్త అని నేననుకున్నది, నిజానికి పాత కంపైలర్ చూసీచూడనట్టు వదిలేయడమే.

ఆమె గొంతు తగ్గించింది. కొత్త కంపైలర్‌ను పాతదానిలా నడుచుకోమని చెప్పే సెట్టింగ్ ఒకటి ఉందట. అది పెడితే పేర్లు వచ్చేస్తాయి, తప్పు ఎవరిదని ఎవరూ అడగరు.

"దానివల్ల నీకేం లాభం?" అన్నాను. ఆమెతో తెలుగు మాట్లాడటం అదే మొదలు.

"శుక్రవారమే మదురై బస్సు ఎక్కొచ్చు," అని నవ్వింది.

ఒప్పుకోలేదు. రేపు ఎవరో ఆ సెట్టింగ్ తీసేస్తే ఆ ముసలివాళ్లు మళ్లీ జారిపోతారు. నెల ఖాళీగా ఉన్నా ఏడాదే చూడమని నేనే ఇంకో షరతు చేర్చాను. మార్పుల చీటీలో, తప్పు మొదటినుంచీ ప్రోగ్రాములోనే ఉందనీ, రాసింది నేనేననీ రాసి సంతకం పెట్టాను. ఉత్తరం చించేశాను.

మళ్లీ నడిపితే పేర్లన్నీ వచ్చాయి. సరిచూసినట్టు సంతకం పెట్టమని జాబితా ఆమెకిచ్చి లేవబోయాను.

"కూర్చోండి సార్. ఇన్నేండ్లూ సరిగ్గా ఉండాదనే కదా అనుకున్నారు. మీ మాట మీద నేను సంతకం పెట్టను. ఒక్కొక్క పేరూ చదవండి, పాత జాబితాతో నేను సరిచూస్తాను."

నాతో ఎవరూ అలా మాట్లాడి ఎరగరు. కుర్చీ లాక్కుని, కళ్లజోడు పెట్టుకుని మొదటి పేరు నుంచి చదివాను. ఆమె పెన్సిలుతో టిక్కులు పెట్టుకుంటూ పోయింది. రెండుచోట్ల మళ్లీ చదవమంది. చదివాను.