ఏడు ఇంజన్ల రాకెట్టు, కత్తెరమ్మ చెయ్యి

ఆ వీధిలో కత్తెరమ్మను తెలియనివాళ్లు లేరు. మెడలో టేపు, నడుముకు తాడుతో వేలాడే కత్తెర లేకుండా ఆమెను ఎవరూ చూడలేదు. ప్యాంట్లు పొట్టి చేయడం, జిప్పులు మార్చడం, యూనిఫారాలు కుట్టడం ఆమె పని. ఎదుటివాళ్లు మాట్లాడుతుండగానే వాళ్ల చొక్కాకు వేలాడే దారప్పోగును టక్కున కత్తిరించేయడం ఆమె జబ్బు. బ్యాంకు మేనేజరైనా, కూరగాయల బండివాడైనా ఆమె ముందు దారం వేలాడేసుకుని నిలబడితే అంతే సంగతులు.

ఆమె అన్నను అందరూ ఫ్యూజన్న అంటారు. వీధి చివర కరెంటు సామాన్లు బాగుచేసే షాపు ఆయనది. పోయినేడు జబ్బుచేసి లేచాక కుడిచేతిలో వణుకు మిగిలిపోయింది. అప్పటినుంచి షట్టరు దించే ఉంది. "స్క్రూ అనుకుని వేలు బిగించేస్తానేమో" అని తానే నవ్వేవాడు. ఆ నవ్వు ఇంట్లో ఎవరికీ నచ్చేది కాదు.

ఆయనకు రాకెట్ల పిచ్చి ఈనాటిది కాదు. ఊరి బయట బీడులో అలాంటివాళ్లంతా సెలవురోజుల్లో చేరి, కొనుక్కొచ్చిన చిన్న చిన్న ఇంజన్లు పెట్టి అట్ట రాకెట్లు ఎగరేస్తుంటారు. ఈసారి ఫ్యూజన్న మొదలుపెట్టింది మాత్రం మనిషికన్నా ఎత్తైనది. దానికి ఇంజన్లు ఏడు: మధ్యన ఒకటి, చుట్టూ ఆరు. ఏడూ ఒక్కసారే అంటుకోవాలి. ఒకటి మొండికేసినా రాకెట్టు పక్కకు ఒరుగుతుంది. అంటే ప్రాణమంతా వైరింగులోనే ఉంది.

"ఆ ఏడు కనెక్షన్లూ నేనే ఇస్తాను" అన్నాడు భార్యతో, చెల్లెలి ఎదుటే. "నా పని కుదిరితే షాపు తెరుస్తా. కుదరకపోతే తాళాలు షాపు ఓనరుకు ఇచ్చేద్దాం. ఇక మళ్లీ అడగొద్దు."

రాకెట్టు కత్తెరమ్మ ముందుగదిలోనే తయారైంది, బట్టలు కత్తిరించే పొడుగాటి బల్ల అక్కడే ఉంది కాబట్టి. బట్టల షాపులో తానులు చుట్టే అట్టగొట్టాలు తెచ్చి అతికించారు. రెక్కలకు ప్లైవుడ్ ముక్కలు, ముక్కుకు థర్మోకోల్. కిందికి దిగేటప్పుడు విచ్చుకోవలసిన గొడుగును ఆమే పాత గొడుగుల బట్టతో కుట్టింది. వైర్ల జోలికి మాత్రం ఆమెను రానివ్వలేదు. ఆయన ఒక్కో తీగ పై తొడుగు ఒలుస్తుంటే చెయ్యి వణికేది, తీగ తెగేది, మళ్లీ మొదలు. ఆమె మిషను దగ్గర కూర్చుని, సూది కింద గుడ్డ లేకుండానే పెడలు తొక్కుతూ ఉండేది.

"మా ఆయన రాకెట్టు కడుతున్నాడా, పసిపిల్లను నిద్రపుచ్చుతున్నాడా? గట్టిగా తుమ్మితే కూడా తప్పే" అనేది వదిన.

ఎగరేయడానికి ముందురోజు సాయంత్రం ఆయన పని ముగించుకుని వెళ్లాడు. ఇంజన్లకు నిప్పంటించే పుల్లల తీగలు కట్టగా బల్ల అంచు నుంచి వేలాడుతున్నాయి. ఐదు జతలు ఒక పొడవు, రెండు జతలు జానెడు ఎక్కువ. గది ఊడుస్తూ కత్తెరమ్మ అటు చూసింది. మళ్లీ చూసింది. చెయ్యి ఎప్పుడు నడుము దగ్గరికి వెళ్లిందో ఆమెకే తెలియదు. టక్, టక్. కొసలన్నీ సమానమయ్యాయి. అన్నకు ఒక పని తగ్గించానని సంతోషపడుతూ పడుకుంది.

మర్నాడు బీడులో గాలి ఉండీ లేనట్టుంది. అక్కడ అన్నీ చూసుకునే లెక్కల మాష్టారు ఇంజన్లు పరీక్షించి సరే అన్నాడు. ఫ్యూజన్న మోకాళ్ల మీద కూర్చుని ఒక్కో జతనూ కిందున్న, బ్యాటరీ కరెంటు వచ్చే రాగి వలయాలకు చుడుతూ వచ్చాడు. ఐదు అందాయి. అవతలి పక్క రెండింటికీ తీగ చాలలేదు. లాగాడు. మళ్లీ లాగాడు. ముఖం పాలిపోయింది.

"తీసేద్దాం మాష్టారూ. చెయ్యి ఒక్కటే పోయిందనుకున్నా. కొలత కూడా పోయింది."

కత్తెరమ్మ వంగి చూసింది. ఆ కొసలు ఏటవాలుగా, నున్నగా తెగి ఉన్నాయి. తన కత్తెర కోత తనకు తెలియదా?

"అన్నయ్యా, తప్పు నీది కాదు. అది నేను కోసింది."

"ఏంటీ?"

"ఎగుడుదిగుడుగా వేలాడుతుంటే చూడలేక... సమం చేశా."

"అవతలి పక్కకు చుట్టుకు పోవాలనే కదే పొడుగ్గా పెట్టింది, పిచ్చిమొహమా!" ఆయన గట్టిగా అరిచాడు. అరుస్తుంటేనే ముఖంలోకి రంగు వచ్చింది.

"అంచు మడిచి కుట్టలేదు, అంతవరకు నయం" అంది వదిన.

పొట్టి తీగలకు వేరే ముక్కలతో అతుకులు వేయాలి. ఆయన ఒక ఇంజను తీగలు పట్టుకున్నాడు. వేళ్లు కొట్టుకుంటున్నా వదల్లేదు. మడిచి, మెలిపెట్టి, లాగి చూశాడు. ఆ ఒక్కదానికే నుదురంతా చెమట. అంతలో గాలి లేచింది. మాష్టారు ఆకాశం చూసి, "ఇంకాసేపైతే నేను ఒప్పుకోను" అన్నాడు.

"రెండోది నువ్వు చెయ్యవే. పాడుచేసింది నువ్వేగా."

ఆమె జీవితంలో ఎన్ని బొత్తాలు కుట్టిందో లెక్కలేదు. తీగ దగ్గరికొచ్చేసరికి మాత్రం తెగిపోతుందేమోనని భయం. మెల్లగా, సుతారంగా చుట్టి వదిలేసింది.

అందరూ దూరంగా జరిగాక మాష్టారు బ్యాటరీ కలిపాడు. ఫ్యూజన్న మీట నొక్కాడు. కింద మంట గుప్పుమంది, రాకెట్టు లేచింది, లేస్తూనే ఒక పక్కకు ఒరిగింది. అలా వంకరగానే చాలా ఎత్తు పోయి, నల్ల గొడుగు విప్పుకుని బీడు చివర పొదల్లో దిగింది. చప్పట్లు కొట్టారు. ఫ్యూజన్న కొట్టలేదు. ఒరగడం ఆయన చూశాడు. ఒకటి అంటుకోలేదు. ఎవరి అతుకు?

పొదల దాకా ఆయన అందరికన్నా ముందు నడిచాడు. మాష్టారు తోక తిప్పి ఒక్కో ఇంజనూ బయటికి తీశాడు. ఆరు మాడి ఖాళీ అయ్యాయి. ఏడోది కొన్నప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. ఎగిరిన చోటికి తిరిగొచ్చి చూస్తే, దాని తీగ అతుకు దగ్గర విడిపోయి నేలమీద పడి ఉంది. కొసన బొత్తానికి దారం చుట్టినట్టు గుండ్రటి చుట్టలు.

ఫ్యూజన్న దాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. తర్వాత నేలమీద చతికిలబడి, పొట్ట పట్టుకుని నవ్వాడు. ఇది ఆ పాత నవ్వు కాదు.

"నీ కుట్టు ఊడిందే!"

"నవ్వు, నవ్వు. నాదే కదా పోయింది" అంది కత్తెరమ్మ. అవమానంగానూ ఉంది, గుండె మీదనుంచి ఏదో దింపినట్టుగానూ ఉంది.

వదిన నవ్వలేదు. "మరి ఆ తాళాల సంగతి?" అని మాత్రం అడిగింది.

ఆయన ఆ తీగ ముక్కలను జేబులో వేసుకున్నాడు. "నిచ్చెనెక్కి వైరింగు చెయ్యలేను. అది అయిపోయింది. ఫ్యాన్లు, ఇస్త్రీపెట్టెలు బల్ల మీద పెట్టుకుని చేస్తా. ఒకరోజు పని రెండురోజులు పడుతుంది. తొందరున్నవాళ్లు వేరేచోటికి పోతారు."

"పోనీలెండి" అంది వదిన, ముఖం పక్కకు తిప్పుకుని.

తిరుగు దారిలో వ్యాను కుదుపుతుంటే, ఫ్యూజన్న ఆ విడిపోయిన తీగ ముక్కలు చెల్లెలి ఒడిలో పెట్టాడు. "ముందు మడత పెట్టు. ఇప్పుడు మెలిపెట్టు. భయపడకే, అది దారం కాదు." ఆయన వణికే వేళ్లు ఆమె వేళ్లను పట్టుకుని తిప్పాయి. "ఇప్పుడు లాగి చూడు."

ఆమె లాగింది. అతుకు నిలిచింది.