మందుకుండ లోపలి పూత

కషాయం సంగతి మాత్రం బయటపెట్టకూడదని తల్లీకూతుళ్ళు బస్సులోనే మాట అనుకున్నారు. రెండు నెలల కిందట ఇంకో ఆసుపత్రిలో నిజం చెప్పి చీవాట్లు తిన్నారు మరి. అక్కడి పెద్ద డాక్టరు కాగితం మీంచి తల ఎత్తకుండానే, "ఆకులూ వేళ్ళూ తాగి, ఒళ్ళు పాడుచేసుకుని మా మీద పడతారు! మీ పల్లెటూళ్ళ వాళ్ళకి ఎప్పుడొస్తుంది బుద్ధి?" అని వరండా అంతా వినిపించేలా అరిచాడు. తల్లి థామ్‌కి యాభై ఎనిమిదేళ్ళు. పన్నెండో ఏట సారె ముందు కూర్చున్న కుమ్మరి మనిషి. ఆమె మీద అలా నోరు పారేసుకున్నవాడు మా ఊళ్ళో లేడు. ఆ రోజు తల వంచుకుని బయటికొచ్చింది. మందుచీటీ సంచి అడుగున పడేసి, ఇంటికెళ్ళి కూతురికి కషాయం ఇంకాస్త చిక్కగా కాచింది.

కూతురు హువేకి ఇరవై ఆరేళ్ళు. మొదట నీరసం అంది. దానికోసమే కషాయం మొదలైంది. తర్వాత కడుపులో మెలితిప్పే నొప్పి పట్టుకుంది. అన్నం చూస్తే వికారం, ముఖంలో చుక్క రక్తం లేదు. కూతురు నీరసించిన కొద్దీ తల్లి పూటలు పెంచింది. ఒక పూట రెండయింది, రెండు మూడయ్యాయి. ఏ తల్లయినా అదే చేస్తుంది, అందులో ఆమెను ఏమీ అనడానికి లేదు.

ఈసారి హనోయ్‌లోని ఆసుపత్రికి వచ్చారు. వరండాలో ఒక హ్మోంగ్ కొండజాతి ముసలమ్మ మెడలోని వెండి కడ్డీ తియ్యనంటే తియ్యనని నర్సుతో పోట్లాడుతోంది. లోపలినుంచి డాక్టరు బయటికొచ్చి, "కడ్డీ ఉంటే ఉండనీ, నేను దాని పక్కనుంచే చూస్తాలే అవ్వా" అంది. ఆ డాక్టరు పేరు నోంగ్. ముప్పై దాటని పిల్ల, తనూ టాయ్ కొండజాతి మనిషే.

"కషాయాలేమైనా తాగుతున్నావా?" అని హువేని అడిగింది.

"అబ్బే, అలాంటివేమీ లేవండీ" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

డాక్టరు నవ్వింది. "మా అమ్మమ్మ పోయేదాకా వేళ్ళే కాచుకు తాగింది. ముక్కు మూసి నాకూ పోసేది. నేను తిట్టను పెద్దమ్మా. ఏమేం వేస్తావో చెప్పు."

థామ్ కూతురి వంక చూసింది. తర్వాత ఒక్కొక్కటే చెప్పింది. ఏ వేరు, ఎన్ని ముక్కలు, రుచి కోసం ఎన్ని పుల్లటి ఎండుపళ్ళు, ఎంతసేపు మరగాలి, అన్నీ. డాక్టరు అంతా రాసుకుంది. "వీటిలో నాకు తప్పేమీ కనపడలేదు. దేంట్లో కాస్తావు?"

ఇన్నాళ్ళకు ఒకరు అడగాల్సిన మాట అడిగారని థామ్ నిటారుగా కూర్చుంది. "మామూలు కుండ కాదు తల్లీ. నా చేత్తో చేసింది. లోపల నల్లగా అద్దంలా మెరుస్తుంది. ఒక్క మరక పట్టదు, నిన్నటి మందు వాసన ఇవాళ రాదు. మా ఊరి చరిత్రలో అలాంటి మందుకుండ ఎవరూ చెయ్యలేదు."

డాక్టరు కలం కింద పెట్టింది. లేచి వచ్చి హువే కింది పెదవిని వేలితో వంచింది. పళ్ళ మొదట్లో, చిగుళ్ళ అంచున, పెన్సిలుతో గీసినట్టు సన్నని నీలి గీత ఉంది. రోజూ చూసే ముఖంలో ఆ గీతను థామ్ ఎప్పుడూ చూడలేదు. రక్తం తీశారు. కుండ కూడా తెమ్మన్నారు.

నాలుగో రోజున కబురు తెలిసింది.

"సీసం, పెద్దమ్మా. అమ్మాయి రక్తంలో సీసం చేరింది. నీ కుండ లోపలి పూతలోంచే దిగింది. పులుపు తగిలి, గంటలకొద్దీ మరిగితే ఊడొస్తుంది."

"నిప్పులో కాలిన దాంట్లో విషమేంటమ్మా?" అంది థామ్. "నిప్పు అన్నిటినీ కాల్చేస్తుంది కదా?"

"దీన్ని కాల్చదు. సీసాన్ని బయటికి లాగే మందు ఇస్తున్నాం, అమ్మాయి తేరుకుంటుంది. కానీ టైము పడుతుంది. ఇంతకీ ఇలాంటి కుండ ఇదొక్కటేనా?"

గోడకున్న కుళాయిలోంచి నీళ్ళు కారుతున్నాయి, థామ్ వాటినే చూస్తూ నిలబడింది. రోజుకు మూడుసార్లు తన చేత్తో, ఊది ఊది చల్లార్చి, ఆఖరి చుక్కదాకా తాగు తల్లీ అని బతిమాలి పోసింది. ఆ చేతులు ఆమెవి కానట్టు అనిపించాయి.

"ఎనిమిది" అంది చివరికి.

ఆ పూత ఎక్కడిదో చెప్పాలి. ఇసోబే అని ఒక జపాను కుమ్మరి, రెండు శీతాకాలాలు థామ్ ఇంట్లో ఉండి మా ఊరి మట్టి పని నేర్చుకున్నాడు. మంచివాడు, మాట తక్కువ. మా చేప పులుసు ముందు పెడితే దణ్ణం పెట్టి మరీ తినేవాడు, తిన్నాక ఒక చెంబెడు నీళ్ళు తాగేవాడు. వెళ్ళేముందు తమ ఊరి పూత ఎలా కలపాలో థామ్‌కి చూపించి, ఒక డబ్బా పొడి ఇచ్చాడు. ఇచ్చి, ఒక కుండ తీసుకుని లోపల వేలు పెట్టి చూపిస్తూ, మా భాషలోనే విడమరిచి చెప్పాడు. "అక్కా, పూల కూజాలకి, అదీ పైన మాత్రమే. లోపల వద్దు. తినేది, తాగేది దీనికి తగలకూడదు."

థామ్‌కి ప్రతి మాటా అర్థమైంది. తల కూడా ఊపింది. కానీ ఆమె మా ఊరి కుమ్మరిది. బూడిద పూతలో బూడిద ఎన్ని పాళ్ళో ఆమెకు చెప్పడానికి సొంత మామగారే పదకొండేళ్ళు తీసుకున్నాడు. అంతకాలం తప్పుడు లెక్క చెప్పి, ఆమె కుండలు పొక్కులెక్కుతుంటే మూతి బిగించి నవ్వుకునేవాడు. మా దగ్గర ఎవరైనా ఒకటి వద్దన్నారంటే అసలు కిటుకు అక్కడే ఉందని లెక్క. 'అమ్మ దొంగా! అంతా ఇచ్చి అసలుది దాచుకుపోదామనా?' అని థామ్ లోలోపల నవ్వుకుంది. అతను రైలెక్కిన వారానికే ఎనిమిది మందుకుండలు చేసి, లోపలంతా ఆ పూత పోసింది. కుండలు కాల్చే ఆవంలోంచి తీసిన మొదటి కుండ ఇంట్లోకే వెళ్ళాలని మా ఆచారం. అది హువే కోసం పొయ్యెక్కింది.

మిగతా ఏడూ ఊళ్ళోకి వెళ్ళాయి. వాటిని వెనక్కి తేవడం ఎంత కష్టమో బయటివాళ్ళకు అర్థం కాదు. మందుకుండను మా ఊళ్ళో అమ్మరు, జబ్బు చేసినవాళ్ళకి ఊరికే ఇస్తారు. నయమైనవాళ్ళు దాన్ని తిరిగి ఇవ్వరు. కుండ గడప దాటి వెనక్కొస్తే రోగం కూడా వెంట వస్తుందని భయం. ఇంకో ఇంట్లో జబ్బు చేసినప్పుడు ఆ ఇంటివాళ్ళే వచ్చి పట్టుకుపోవాలి. ఇచ్చినావిడ తిరిగి అడగడమంటే ఊళ్ళో రోగాలన్నీ మూటగట్టి నా ఇంటికి పంపమని అడగడమే. అలా అడిగిన మనిషి ఇంతవరకు లేదు.

హువేని ఆసుపత్రిలోనే ఉంచి వచ్చిన థామ్ బస్సు దిగి ఇంటికి కూడా వెళ్ళకుండా మొదటి తలుపు తట్టింది. "నా మందుకుండ ఇచ్చెయ్యండి."

ఆ ఇంటి కోడలు చప్పున ఒక అడుగు వెనక్కి వేసింది. లోపలినుంచి ముసలాయన, "దానికి మతి పోయింది, తలుపెయ్యి!" అని కేక పెట్టాడు.

"మతి పోలేదు మామా. అందులో విషం ఉంది. రోగం వస్తే నాకే రానీ, నా ఇంటికే రానీ. ముందు కుండ ఇవ్వండి!"

వీధిలో జనం పోగయ్యారు. కొందరు జాలిపడ్డారు, కొందరు పిల్లల్ని లోపలికి లాక్కున్నారు. ఒకావిడ రోగం అంటకూడదని ఆమె నిలబడ్డ చోట ఉప్పు చల్లింది. థామ్ అవేవీ పట్టించుకోలేదు. ఒక్కో కుండ చేతికి రాగానే గుమ్మం ముందే నేలకేసి కొట్టింది. తన చేతి కుండను తనే పగలగొట్టడం ఆమె జన్మలో అదే మొదలు. పెంకు ఎగిరి పాదం కోసుకుంది. సాయంత్రానికి ఆరు పగిలాయి. ఏడోది చేతులు మారి మారి వూంగ్ ఇంట్లో తేలింది.

వూంగ్ కూడా కుమ్మరిదే, థామ్ కంటే రెండేళ్ళు పెద్ద. ముప్పై ఏళ్ళుగా ఇద్దరికీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది.

"అక్కా, కుండ ఇవ్వు. అది మంచిది కాదు."

వూంగ్ నడుం మీద చేతులు పెట్టుకుంది. "బాగుందే తల్లీ! ఊరంతా కుండ భలేగా ఉందంటుంటే ఇప్పుడు మంచిది కాకుండా పోయిందా? నాకు తెలీదనుకున్నావా? కిటుకు నీ ఒక్కదాని గుప్పిట్లోనే ఉండాలి, అంతేగా? వద్దన్నావంటే అందులోనే ఉందన్నమాట అసలు గుట్టు!"

థామ్ నిర్ఘాంతపోయింది. ఇసోబే గురించి తను అనుకున్న మాటలే అవి. నవ్వు కూడా అదే నవ్వు. ఆ గుమ్మంలోనే కూర్చుండిపోయింది.

"గుట్టు కావాలా? విను. సగానికి పైగా సీసం. మిగతాది తెల్లరాయి పొడి, చారెడు ఇనప తుప్పు. అంతే. ఇంకేమీ దాచలేదు. ఆ సీసమే నా హువే రక్తంలోకి దిగింది. చిగుళ్ళు నీలిగీత కట్టాయక్కా. లోపల పొయ్యొద్దని ఇసోబే చెప్పాడు, నేనే వినలేదు."

పూత పాళ్ళు నడివీధిలో బయటపెట్టిన మనిషిని మా ఊరు చూడలేదు. వూంగ్ చేతులు నడుం మీంచి జారాయి.

"సీసమని నాకు తెలుసే" అంది, గొంతు తగ్గించి.

"ఎలా?"

"రేవులో నువ్వు పూత కలిపిన బాల్చీ కడిగావు చూడు, మెట్టు మీద కాస్త మిగిలింది. వేలితో తీసి నాలుక మీద పెట్టుకున్నా. తియ్యగా ఉంది. మా నాన్న వలలకి సీసం గుళ్ళు పోసేవాడు, ఆ రుచి నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. నిప్పులో పడ్డాక ఏముంటుందిలే అనుకున్నా."

"అనుకుని?"

వూంగ్ వెనక్కి తిరిగింది. పెరట్లోకి నడిచింది, థామ్ కుంటుకుంటూ వెనకే వెళ్ళింది. పాక తలుపు తీస్తే వరసలు వరసలుగా మందుకుండలు ఉన్నాయి. గడ్డి చుట్టి, తాడు కట్టి, రేపటి పడవలో పై ఊళ్ళ సంతకు పంపడానికి సిద్ధంగా పెట్టారు. ప్రతిదాని లోపలా నల్లటి మెరుపు. థామ్ పనికంటే శుభ్రంగా కుదిరింది కూడా.

"ఎన్ని?"

"నలభై ఒకటి."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. పక్కన నమూనాగా పెట్టుకున్న తన ఏడో కుండను థామ్ ముందు ఎత్తి గోడకేసి కొట్టింది. రెండోది వూంగ్ కొట్టింది. ఆ తర్వాత ఎవరు ఎన్ని కొట్టారో తెలియదు. ఆ చప్పుడుకు వూంగ్ కొడుకు పరుగున వచ్చి, ఇద్దరు ముసలాళ్ళూ ఏడుస్తూ కుండలు పగలగొడుతుంటే చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

ఆఖరి పెంకు పడ్డాక థామ్ చప్పున తల ఎత్తింది. ఆవంలోంచి తీసిన మొదటి కుండ గుర్తొచ్చింది.

"అక్కా. మొదటిదేది?"

వూంగ్ వంటింటి వైపు చెయ్యి చూపించింది. పొయ్యి మీద కుండ ఇంకా గోరువెచ్చగా ఉంది. పక్కనే చిన్న గిన్నె, అడుగంటా తాగేసిన గిన్నె. ఐదేళ్ళ మనవరాలు క్వెన్ చాప మీద ముడుచుకుని, పొట్ట పట్టుకుని పడుకుంది. దగ్గు తగ్గాలని నెలరోజులుగా పోస్తున్నారు.

మర్నాడు పొద్దున్నే మోటారు సైకిలు మీద వూంగ్ కొడుకు వెనక పిల్ల, పిల్ల వెనక వూంగ్ వెళ్ళారు. థామ్ ఆ మొదటి కుండ సంచిలో పెట్టుకుని బస్సులో వెళ్ళి, వాళ్ళను ఆసుపత్రి వరండాలో కలుసుకుంది. వూంగ్ జన్మలో ఆసుపత్రి మెట్లెక్కలేదు. తెల్లకోటు చూడగానే మనవరాలిని గట్టిగా పట్టుకుంది.

"పిల్లకి ఇంట్లో కషాయం ఏమైనా పోశారా అవ్వా?" అని డాక్టర్ నోంగ్ అడిగింది.

"అబ్బే" అంది వూంగ్. "అలాంటివేమీ లేవండీ."

థామ్ సంచిలోంచి కుండ తీసి బల్ల మీద పెట్టింది.

"ఇందులో పోసింది, డాక్టరమ్మా. కుండ ఆవిడది, పూత నాది. ఆవిడకి ఎవరూ చెప్పలేదు. నాకు చెప్పారు."

డాక్టరు పిల్లను దగ్గరికి తీసుకుని, కింది పెదవిని మెల్లగా వంచింది.