బండ వెనక అంబలి

మా కాలనీ పార్కు గేటు దగ్గర పొద్దున్నే ఒకావిడ రాగిజావ అమ్ముతుంది. స్టీలు క్యాను మూత తీయగానే మజ్జిగ పులుపూ, తరిగిన ఉల్లిపాయ వాసనా కలిసి వస్తాయి. నడకకు వచ్చినవాళ్లంతా గ్లాసులు పట్టుకుని నిలబడతారు. నేను మాత్రం తలదించుకుని దాటిపోతాను. అరవై దాటిన మనిషికి జావను చూస్తే అంత భయమేమిటని మా ఆవిడ నవ్వుతుంది. ఆమెకు యేసురత్నం మాస్టారి సంగతి నేనెప్పుడూ చెప్పలేదు.

ఆయన చిలకలూరిపేట దగ్గర మా ఊరి హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. మా నాన్న ఆ ఊరి గుడి పూజారి. ఎనభైల్లో, నేను డిగ్రీ చదువుతుండగా, నల్లమల కొండల్లో మూడు రోజులు సాగే పరుగు పందేనికి మా కాలేజీ నుంచి నన్నొక్కణ్నే ఎంపిక చేశారు. చదునునేల మీద పెరిగినవాణ్ని, కొండ మీద పరుగంటే నాకేం తెలుసు? నేను అడక్కుండానే మాస్టారు మా వీధి మొదట్లో సైకిలు ఆపి కబురు పంపారు, రేపటి నుంచి రమ్మని. ఇంటిదాకా రాలేదు.

వాన వెలిసిన మర్నాడు పత్తిచేల మధ్య డొంకదారిలో పరిగెత్తించేవారు. నల్లరేగడి కాళ్లకు ముద్దలు ముద్దలుగా అంటుకునేది. దులుపుకోబోతే ఒప్పుకునేవారు కాదు. "ఉండనీ అబ్బాయ్. ఈ బరువు మోసిన కాలికి కొండ ఒక లెక్కా?" అనేవారు. యాభై దగ్గరపడిన మనిషి, తనూ నా పక్కనే పరిగెత్తేవారు.

సెలవు రోజుల్లో కొండవీటి కొండ ఎక్కించేవారు. వాళ్లావిడ కాచిన జొన్న అంబలిని క్యానులో పోసి, అంత ఎత్తూ ఆయనే మోసుకొచ్చేవారు. నేను దాన్ని బండ వెనక్కి పట్టుకెళ్లి పారబోసేవాణ్ని. వాళ్లింట్లో వండింది మేం ముట్టం. ఆ మాట ఆయన మొహం మీద చెప్పే ధైర్యమూ లేదు, తాగే ధైర్యమూ లేదు.

"తాగావా అబ్బాయ్?"

"తాగానండి. బాగుందండి."

ఒకరోజు గాలికి ఎగిరిన తువ్వాలు కోసం ఆయన బండ వెనక్కి వెళ్లారు. అక్కడ రాయి మీద అంబలి అట్టకట్టి ఉంది, చీమలు పట్టి. తిరిగొచ్చి ఖాళీ క్యాను మూత బిగించారు. తర్వాతి వారం అంబలి లేదు, అరటిపళ్లు తెచ్చారు. ఒక్కటీ ఒలవలేదు. పళ్ల హస్తం అలాగే నా ముందుంచి, "నువ్వే తీసుకో," అన్నారు. తొక్క ఉన్న పండుకు అంటు లేదని మా ఇంట్లో అనేమాట ఆయనకూ తెలుసు. నేను హమ్మయ్య అనుకుని మూడు తిన్నాను. ఛీ, ఆ హమ్మయ్య తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

పందెం మూడో రోజు ఘాట్ రోడ్డు దిగువన నా కళ్లు తిరిగాయి. దారి పక్క గుడిసెలోని ముసలామె ముంతతో గంజి ఇచ్చింది. ఆమె ఎవరు, ఏ కులమని నేను అడగలేదు. గటగటా తాగాను. అది కడుపులో పడబట్టే చివరిదాకా వెళ్లగలిగాను.

తిరిగొచ్చిన రోజు మాస్టారు బస్టాండులో ఎదురుచూస్తున్నారు. పూర్తిచేశానని చెబితే ఆయన కళ్లు తడయ్యాయి. దారిలో ఏం తిన్నావని అడిగారు. గంజి మాట నోటిదాకా వచ్చింది. ఎవరో ముక్కూమొహం తెలియనామె చేతిది తాగానని ఈయనకెలా చెప్పను?

"అరటిపళ్లండి," అన్నాను.

"మంచి పని చేశావు," అన్నారు, నా సంచీ అందుకుంటూ.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఇవాళ పొద్దున పార్కు గేటు దగ్గర ఆగి గ్లాసు తీసుకున్నాను. అడుగుదాకా తాగాను. తాగావా అని అడిగే మనిషి లేడు.